తెల్లగా వెలిగితే కనపడినట్టేనా?

మార్చి నెలాఖరు, కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. కోవూరు దాటి మా ఊరి రోడ్డు ఎక్కేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆ నెలలో డెల్టా ఊళ్ళ వైపు రాత్రిపూట బండి తోలినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, రోడ్డులో సగం వడ్లే ఉంటాయి. పొద్దున ఎండబోసిన వడ్లని సాయంత్రానికి కుప్ప చేసి, మంచు పడకుండా పైన నల్ల పట్ట కప్పి, ఎవరూ ఎక్కించకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. నల్ల తారు రోడ్డు మీద నల్ల పట్ట, దాని చుట్టూ నల్ల రాళ్ళు. నా కారుకేమో ఎడమ వైపు హెడ్‌లైటు పోయి రెండు రోజులైంది, రేపు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అని తిరుగుతున్నా. ఎదురుగా ఏదో బండి వచ్చింది, కారో ఆటోనో కూడా తెలియలేదు, పాల తెలుపు వెలుగు ఒక్కటే తెలిసింది. అది దాటిపోయాక కళ్ళ ముందు ఇంకా మచ్చలు ఆడుతుండగానే ఎడమ చక్రం కింద టక్కుమని రాయి. గట్టిగా బ్రేకు తొక్కితే బంపరు పట్టకి ఆనుకుని ఆగింది.

కుప్ప పక్కన మంచం వేసుకుని కాపలా పడుకున్న పెద్దాయన లేచొచ్చాడు. తిడతాడనుకున్నా. టార్చి తీసి నా కారు మూతి మీద వేసి, "ఒంటికన్నుతో తిరగతా ఉండావేంది నాయనా" అన్నాడు. అంతే, పోయి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే టౌన్లో స్పేర్ పార్టుల షాపుకి పోయా. నాకు కావాల్సింది ఒక బల్బు. కౌంటర్లో కుర్రాడు మాత్రం హోటల్లో సర్వర్ టిఫిన్లు చదివినట్టు చదివాడు. మామూలుదా అన్నా, తెలుపు వచ్చేదా, వాట్లు ఎక్కువుండే 100/90 ఉంది, ఎల్ఈడీ ఉంది, "ఎల్ఈడీ వేస్తే పగలే అన్నా ఇంక". ఎవరికైనా నోరూరుతుంది. ముందు రోజు రాత్రి గండం తప్పించుకుని వచ్చినవాడికి మరీ ఊరుతుంది. అక్కడి నుంచి నాకు ఏడాది పట్టింది, మూడు రకాల బల్బులు పట్టాయి. చివరికి తేలిందేందంటే, బల్బు మార్చడం ఈ కథలో అన్నిటికన్నా చిన్న పని, మనమంతా డబ్బులు మాత్రం దాని మీదే పెడుతున్నాం.

మొదట తెలుపు వచ్చేవి వేయించా, అవీ హాలోజనే (లోపల తీగ వెలిగే మామూలు కారు బల్బు), కాకపోతే గాజుకి నీలం పూత ఉంటుంది. షాపు ముందు గోడ మీద వేసి చూపిస్తే అబ్బో అనిపించింది, కొత్త కారు కొన్నట్టు. అక్కడే నేను మోసపోయింది. షాపుని అనడం లేదు, నా కన్నే నన్ను మోసం చేసింది. మామూలు హాలోజన్ వెలుగు కాస్త పసుపు, రంగు లెక్కలో 3200 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని తెల్లగా చూపించాలంటే ఆ నీలం పూత పసుపుని, ఎరుపుని కొంత మింగేయాలి. అంటే లోపలి తీగ, ఫిలమెంటు, ఇచ్చిన వెలుగులో కొంత గాజు దాటి బయటికే రాదు. మరి తక్కువ వెలుగు ఎక్కువగా ఎందుకు అనిపించిందంటే, తెల్లగా ఉంది కాబట్టి. అంతకన్నా ఏమీ లేదు.

నవంబరు దాకా బానే గడిచింది. మనకి అసలు వానలు ఆ నెలల్లోనే కదా, ఈశాన్య రుతుపవనాలు. ఒక రాత్రి ఒంగోలు నుంచి హైవే మీద వస్తుంటే సింగరాయకొండ దగ్గర మొదలైన వాన కావలి దాకా వదల్లేదు. తడి రోడ్డు అద్దంలా ఉంటుంది, మన లైటు దాని మీద పడి ముందుకే జారిపోతుంది, మన కంటికి తిరిగొచ్చేది తక్కువ. ఏ బల్బుకైనా ఆ బాధ ఉంది. కానీ ఆ నీలి తెలుపులో వాన చినుకులు మెరిసినట్టు రోడ్డు మెరవలేదు. చినుకులే కనపడుతున్నాయి, పక్క గీత కనపడదు. ముందు పోతున్న లారీ వెనక లైట్లు పట్టుకుని కావలి చేరా. ఆ లారీ చెరువులోకి దిగినా నేనూ దిగేవాణ్ణి.

దాంతో ఎల్ఈడీ.

ఇక్కడ మా బావ ప్రస్తావన రావాలి. ఒంగోల్లో ఉంటాడు, గ్రానైటు పని మీద చీమకుర్తికి రోజూ తిరుగుతాడు, ఆ లారీల మధ్య, ఆ దుమ్ములో. ఆయన సిద్ధాంతం సింపుల్: "ఎదుటోడు మన కళ్ళు పోగొడతా ఉంటే మనం దీపం బుడ్డి పెట్టుకుని తిరగాల్నా?" ఇది మా బావ ఒక్కడి మాట కాదు. నెల్లూరు, ఒంగోలు రోడ్లెక్కే ప్రతివాడి మనసులో ఉన్నదే. నాకూ సబబుగానే తోచింది. రెండూ కలిపి మూడు వేలు దాటాయి. బల్బు వెనక బుల్లి ఫ్యాను, అది దూరడానికి రబ్బరు మూతకి చిల్లి కూడా వేశారు.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. కారు ముందు ఇరవై ముప్పై అడుగులు నిజంగానే పగల్లా ఉంది. గులకరాయి కూడా కనపడుతుంది. కానీ నాలుగు రోజులు తోలాక ఒకటి గమనించా. దగ్గర అంతా తెల్లగా వెలుగుతుంటే కంటిపాప ముడుచుకుపోతుంది, ఆ వెలుగు అంచు అవతల ఉన్న చీకటి ఇంకా చిక్కగా కనపడుతుంది. అరవై మీటర్ల అవతల వస్తున్న గేదె పాత బల్బుల్లో లీలగానైనా తెలిసేది, ఇప్పుడు వెలుగులోకి వచ్చాకే తెలుస్తోంది. పైగా ఎదురొచ్చే ప్రతి రెండో బండి నాకు డిప్పర్ కొడుతోంది. నేను డిమ్ములోనే ఉన్నా. ఆత్మకూరు రోడ్డులో ఒక లారీ డ్రైవరు డిప్పర్ కొట్టి కొట్టి, నేను తగ్గించకపోయేసరికి (తగ్గించడానికి ఇంకేముంది, డిమ్మే కదా!) తన హై బీమ్ మొత్తం నా మొహం మీద వేసి, పక్కకి వచ్చాక అద్దం దించి మా నాయన్ని తలుచుకుని పోయాడు.

అప్పుడు ఒక పని చేశా. చాలామంది చేయని పని, ఐదు నిమిషాల పని. సంక్రాంతికి ఊరికి వచ్చిన బావకి నా కారు తాళాలిచ్చి, ఒక కిలోమీటరు పోయి డిమ్ములో రమ్మని చెప్పా. నేను మా నాయన మోటార్ సైకిలు వేసుకుని ఎదురెళ్ళా. రెండు వైపులా చెరువు గుంటలు, మధ్యన ఇరుకు సిమెంటు రోడ్డు. కారు వంద మీటర్ల దూరంలో ఉండగానే నాకు రోడ్డంచు మాయమైపోయింది. హెల్మెట్ అద్దం మీద ఉన్న గీతలన్నీ ఒక్కసారి వెలిగాయి, సాలెగూడులో దూరినట్టుంది. బండి ఆపి కాలు కింద పెట్టి నిలబడ్డా, అంతకు మించి ఏం చేయాలో తోచలా. కారు నా పక్కన వచ్చి ఆగింది. బావ కిటికీలోంచి తల బయట పెట్టి "ఏమైంది, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు. నా కారే, నా డబ్బులే, నేను దగ్గరుండి వేయించినవే. ఆ మార్చి రాత్రి నాకు ఎదురొచ్చినవాణ్ణి మనసులో ఎన్ని తిట్లు తిట్టానో, అవన్నీ ఇప్పుడు నాకే వర్తిస్తాయి.

ఎందుకిలా అని తవ్వుకుంటూ పోతే అంతా ఆ పాత బల్బు గాజులోనే ఉంది. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి హెచ్4 రకం బల్బు వస్తుంది, 12 ఓల్టులు, 60/55 వాట్లు అని మూతి మీద రాసుంటుంది. 60 హై బీముకి, 55 డిమ్ముకి. దాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి (గాజుని వేళ్ళతో తాకకుండా). లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ముందు వైపు ఉన్న డిమ్ము ఫిలమెంటు కింద ఉగ్గుగిన్నె లాంటి చిన్న రేకు ఒకటి పట్టి ఉంటుంది. ఆ గిన్నె చేసే పనే పని. డిమ్ము వెలిగినప్పుడు ఆ వెలుగు రిఫ్లెక్టరు (బల్బు చుట్టూ ఉండే మెరిసే పళ్ళెం) కింద సగం మీద పడకుండా అడ్డుకుంటుంది. పై సగానికి తగిలిన వెలుగు కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది, పైకి లేవదు. గోడ మీద వేస్తే కత్తితో కోసినట్టు ఒక గీత కనపడేది అందుకే. ఆ గిన్నె ఒక అంచుని కొంచెం ఏటవాలుగా, 15 డిగ్రీలు కోసి ఉంచుతారు. దానివల్లే మన ఎడమ పక్క వెలుగు కాస్త పైకి లేచి, రోడ్డు పక్కన నడిచే మనిషి, ఆగిన ట్రాక్టరు, వడ్ల కుప్ప కనపడతాయి. కుడి పక్క, అంటే ఎదురొచ్చేవాడి వైపు, కిందే ఉంటుంది. హెచ్4 పుట్టింది 1971లో. యాభై ఏళ్ళు దాటినా బతికి ఉందంటే ఊరికే కాదు.

రిఫ్లెక్టరు మలుపులన్నీ ఆ సన్నటి తీగ చుట్ట ఏ మిల్లీమీటరు దగ్గర ఉందో లెక్క వేసి తీర్చినవి. అక్కడ తీగకి బదులు బల్లపరుపు చిప్పు పెట్టి, మధ్యలో అల్యూమినియం దిమ్మ అడ్డం పెడితే వెలుగు బోలెడు వస్తుంది, పోవాల్సిన చోటికి పోదు. ఎల్ఈడీ చెడ్డదని నేననడం లేదు. ఫ్యాక్టరీ నుంచే ఎల్ఈడీతో వచ్చిన కార్లకి ఆ చిప్పుకి తగ్గ అద్దం, లెన్సు కట్టి ఇస్తారు, వాటి గీత చూస్తే ముచ్చటేస్తుంది. జర్మనీలో 2020లో ఓస్రామ్ వాళ్ళ ఎల్ఈడీ బల్బుకి రోడ్డు మీద అనుమతి ఇచ్చినప్పుడు కూడా అన్ని కార్లకీ వేసుకోండని ఇవ్వలేదు, ఫలానా మోడల్ కారు, ఫలానా లైటు అని జాబితా రాసి ఇచ్చారు. బల్బు ఒక్కటి చూస్తే చాలదు, డూముతో, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు మొత్తంతో, జత కుదరాలి. మన షాపుల్లో ఆ జాబితా అడిగితే మనల్ని పైకీ కిందికీ చూస్తారు.

చట్టం సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ చెప్తా. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది దీని గురించే: బండికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకి అర మీటరు పక్కన, నేలకి ఒకటిన్నర మీటరు ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్ళు చెదరకుండా లైటు కిందికి వంగి ఉండాలి. ఒకటిన్నర మీటరు అంటే మోటార్ సైకిలు మీద మా నాయన కళ్ళు ఉండే చోటు, దాదాపుగా. ఇక కంపెనీ ఇచ్చినదాన్ని అనుమతి లేకుండా మారిస్తే 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది.

సరే, ఎల్ఈడీ తీసేసి 100/90 వేద్దామనుకుని భాయ్ దగ్గరికి పోయా. మా వీధి చివర బ్యాటరీలు, వైరింగ్ చూసే ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన బానెట్ ఎత్తి, నా కోరిక విని, "వాట్లు పెంచడం తర్వాత సార్, ఉన్న వాట్లకి కరెంటు చేరతా ఉందా?" అన్నాడు. ఇంజను స్టార్టులో పెట్టి లైట్లు వేయించి, మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర 13.9 ఓల్టులు. అదే మీటరు వెలుగుతున్న బల్బు కప్లర్ (బల్బుకి తగిలించే వైరు ప్లగ్గు) వెనక నుంచి పెడితే 11.8. రెండు ఓల్టులు దారిలో తినేశారు! ఎవరు తిన్నారంటే పదేళ్ళ నాటి సన్నటి వైర్లు, డ్యాష్‌బోర్డు కింద స్విచ్చి, తుప్పు పట్టిన బాడీ ఎర్తు.

రెండు ఓల్టులేగా అనుకున్నా నేను కూడా. హాలోజన్ బల్బుకి ఓల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు బోలెడు తగ్గుతుంది, సుమారు మూడున్నర ఘాతం లెక్కన. పది శాతం ఓల్టేజీ పోతే ముప్పై శాతం వెలుగు పోయినట్టే. నా కారులో ఆ లెక్క వేస్తే నూటికి అరవై కూడా రావడం లేదు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న దీపం బుడ్డి అది. ఎడమ బల్బు మాడిపోక ముందు కూడా నాకు సగం లైటే ఉందన్నమాట. ఇలాంటి వైర్లకి 100/90 తగిలిస్తే ఏమవుతుందో భాయ్ ఒక డబ్బాలోంచి తీసి చూపించాడు: మూడు కాళ్ళ హోల్డరు, ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకంలా కారి గడ్డకట్టి ఉంది. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, 90ది ఏడున్నర. రెండు పక్కలా కలిపి పదిహేను ఆంపియర్లు ఆ స్విచ్చిలోంచి పోవాలి. ఆ వేడికి రిఫ్లెక్టరు మీద వెండిలా మెరిసే పూత కూడా మబ్బేస్తుంది, తర్వాత ఏ బల్బు వేసినా ఒకటే.

ఆయన చేసింది ఇది. బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా లాగి, మధ్యలో ఫ్యూజు, రెండు రిలేలు (కొంచెం కరెంటు తగిలితే పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు) పెట్టి, ఎర్తు కొత్తగా బిగించాడు. పాత స్విచ్చి ఇప్పుడు రిలేని తట్టి లేపడం వరకే, బరువంతా లావు వైరు మోస్తుంది. కప్లర్ దగ్గర మళ్ళీ మీటరు పెడితే 13.5. మామూలు 60/55 బల్బులే వేశాం, పేరున్న కంపెనీవి, జత. ఒకటి మాడిందని ఒకటే మార్చకండి, రెండోది కూడా అన్ని గంటలూ వెలిగిందే, రేపో మాపో అదీ పోతుంది, ఈలోపు ఒక కన్ను మసక, ఒక కన్ను తేట. జత ఆరు వందల లోపే అయ్యాయి. ఎల్ఈడీలకి నేను పెట్టినదాంట్లో ఐదో వంతు. బల్బు అడుగున ఇంగ్లీషు ఈ అక్షరం, పక్కన అంకె, చుట్టూ గుండ్రని గీత ఉందో లేదో చూసుకోవాలి, ఐరోపా ప్రమాణం పాసైందనే ముద్ర అది. డబ్బా మీద ఉండడం కాదు, బల్బు మీద ఉండాలి. గాజుని వేలితో పట్టుకుంటే మన చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కి త్వరగా పోతుంది. పట్టుకున్నారా, స్పిరిట్‌తో తుడవండి.

మరి 130 శాతం ఎక్కువ వెలుగు అని డబ్బా మీద రాసి అమ్మేవో, అంటారు. అవి మోసం కాదు. వాట్లు పెంచకుండా తీగని పొట్టిగా, ఒత్తుగా చుట్టి, వెలుగుని రోడ్డు మీద కావాల్సిన చోట పోగేస్తారు. ఆ 130 కూడా చట్టం అడిగే కనీసం వెలుగుతో పోల్చి, బీములో ఒకటి రెండు చోట్ల కొలిచింది, మొత్తం వెలుగు రెట్టింపు దాటిందని కాదు. ఒత్తుగా చుట్టిన తీగ తొందరగా తెగుతుంది. నెలకి రెండు సార్లు రాత్రి ప్రయాణం చేసేవాడు వేసుకోవచ్చు. మా బావలా రోజూ తిరిగేవాడికి దండగ.

బల్బు అయింది. డూము అద్దం మాత్రం పచ్చగా, పాత ప్లాస్టిక్ బిందెలా ఉంది. ఇప్పటి హెడ్‌లైట్ల అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్. పై పూత మన ఎండకి పోయిందంటే మబ్బు కమ్ముతుంది. టూత్ పేస్టు రుద్దే వీడియోలు చూసి నేనూ రుద్దా, వారం నిలబడింది, కారు వాసన మాత్రం బాగుంది. అసలు పద్ధతి నీళ్ళతో రుద్దే గరుకు కాగితంతో 1000, 2000, 3000 నంబర్లు వరసగా తడిపి రుద్ది, పాలిష్ పట్టి, పైన ఎండని ఆపే పూత వేయడం. ఒక ఆదివారం పొద్దు పట్టింది. మొదటి కాగితం రుద్దగానే ఇంకా తెల్లగా మసకబారి గుండె జారింది. భయపడకండి, మూడో కాగితానికి తేటపడుతుంది. ఇంకో మాట, వరి చేల మధ్య రోడ్డులో రాత్రి తిరిగితే పురుగులు కొట్టుకుని అద్దం మీద పొరలా ఎండిపోతాయి. మా ఇంట్లో పాత లుంగీ గుడ్డ ఒకటి డిక్కీలోనే ఉంటుంది.

చివరగా గోడ. కారుని సమతలంగా ఉన్న చోట గోడకి ఆనించినట్టు పెట్టి, బల్బు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీశా. తర్వాత పది మీటర్లు వెనక్కి తీసి డిమ్ము వేశా. వెలుగు గీత ఆ సుద్ద గీతకి పది సెంటీమీటర్లు కింద పడాలి. నాది ఒక పక్క ఆరు సెంటీమీటర్లు పైన ఉంది, ఎల్ఈడీ దూర్చినప్పుడు కదిపేశారేమో. డూము వెనక స్క్రూ తిప్పితే దిగింది. ఆ పది సెంటీమీటర్ల లెక్కలోనే అసలు విషయం ఉంది. నా లైటు నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, పది మీటర్లకి పది సెంటీమీటర్ల చొప్పున దిగితే 65 మీటర్ల దగ్గర నేలకి తగులుతుంది. మీరు ఎంత వెలుగున్న బల్బైనా వేయండి, డిమ్ములో ఆ గీత అంతకన్నా దూరం పోదు, పోయిందంటే ఎదుటివాడి కంట్లోకి పోయినట్టే. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో 65 మీటర్లు దాటడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. పట్ట కప్పిన కుప్పని చూసి, అది ఏందో అర్థమై, కాలు బ్రేకు మీదకి పోయి, కారు ఆగాలంటే ఆ మూడు సెకన్లు చాలవు. ఇది అర్థమయ్యాక నేను ఊరి రోడ్డులో రాత్రిపూట యాభై దాటడం మానేశా. ఇది ఏ షాపులోనూ అమ్మరు, అందుకే ఎవరూ చెప్పరనుకుంటా.

చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకుని ఉండరు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో పెళ్ళి సామాను వేస్తే కారు వెనక దిగి మూతి లేస్తుంది, లైట్లు చెట్ల కొమ్మల్లో పిట్టల్ని లేపుతాయి. అప్పుడు ఆ చక్రం తిప్పి కిందికి దించుకోవాలి. మా ఆవిడ దాన్ని ఏసీ బటన్ అనుకుందట పదేళ్ళూ.

బావతో వాదన మాత్రం తెగలేదు. "అందరూ నీ మాదిరి ఆలోచిస్తారా? ఎదుటోడు వేసుకుని వస్తా ఉంటే?" అంటాడు. నిజమే, నాకు ఇప్పటికీ హైవే మీద కళ్ళు చెదురుతూనే ఉన్నాయి, నా మామూలు బల్బులు ఆ సమయంలో నాకేమీ మేలు చేయవు. నేను చేసేదల్లా చూపుని ఎడమ పక్క తెల్ల గీత మీదకి దించి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేయడం. కానీ ఎల్ఈడీ ఉన్న రోజుల్లోనూ ఆ సమయంలో నాకు కనపడింది సున్నానే. అప్పుడు ఇద్దరికీ కనపడేది కాదు, ఇప్పుడు నాకొక్కడికే కనపడదు. కనీసం ఎదుటివాడికి నేను రోడ్డులో ఎక్కడున్నానో తెలుస్తుంది, నన్ను తప్పించి పోగలడు. ఈ మాట అంటే బావ కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత, "అయితే నీ ఎల్ఈడీలు ఊరికే పడుండాయి కదా, ఇటివ్వు, నావి ఒక పక్క మాడిపోయింది" అన్నాడు.

ఆ డబ్బా ఎక్కడ పెట్టానో గుర్తు లేదని చెప్పా.